బ్రౌజర్‌లో స్కియా గ్రాఫిక్స్ లైబ్రరీ: వెబ్‌అసెంబ్లీ కంపైలేషన్ – తెలుగు లిపి చిత్రణ

వ్యాససంగ్రహం

సి++ భాషలో రచించిన స్కియా గ్రాఫిక్స్ లైబ్రరీని వెబ్‌అసెంబ్లీ రూపంలోకి మార్చి బ్రౌజర్‌లో నడిపే ప్రక్రియను ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ మార్పిడిలో ఫాంట్లు, అక్షర సంయోజన యంత్రం, యూనికోడ్ దత్తాంశం అనే మూడింటి విషయంలో తీసుకొనే నిర్ణయాలు తెలుగు లిపిని ఏ విధంగా ప్రభావితం చేస్తున్నాయో పరిశీలిస్తుంది. డిజిటల్ సంచికలను, పదకోశాలను, ఛందోపకరణాలను రూపొందించే తెలుగు పరిశోధకులకు ఈ అంశం కేవలం సాంకేతికమైనది కాదని నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: స్కియా, వెబ్‌అసెంబ్లీ, ఎమ్‌స్క్రిప్టెన్, కాన్వాస్, హార్ఫ్‌బజ్, అక్షర సంయోజనం, తెలుగు యూనికోడ్.

ఉపోద్ఘాతం

తెర మీద కనిపించే తెలుగు అక్షరం రెండు రకాలుగా ఉండవచ్చు. మొదటిది పాఠం. దానిని ఎంపిక చేసుకోవచ్చు, నకలు తీసుకోవచ్చు, వెతకవచ్చు. అంధులైన పాఠకులకు తెరపాఠక సాఫ్ట్‌వేర్ దానిని చదివి వినిపిస్తుంది. రెండవది బొమ్మ. కంటికి అది మొదటిదానికంటే అందంగానే కనిపించవచ్చు. కానీ కంప్యూటర్ దృష్టిలో అది రంగుచుక్కల సముదాయమే. యూనికోడ్ ప్రాచుర్యంలోకి రాకముందు, అంటే సొంత సంకేతపద్ధతుల ఫాంట్లతో తెలుగు వెబ్‌సైట్లు నడిచిన కాలంలో, ఈ భేదం ఎంతటి నష్టం కలిగించిందో ఆనాటి పత్రికల పుటలను ఈనాడు వెతకబోయిన ప్రతి పరిశోధకునికీ అనుభవమే. ఆ పుటలలో ఉన్నవి అక్షరాలు కావు, అక్షరాకృతుల సంఖ్యలు. ‘పద్మ’ వంటి మార్పిడి ఉపకరణాలు ఆ అవసరం నుంచే పుట్టాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చిన తరువాత పరిస్థితి క్రమంగా మారింది.

ఆ సమస్య తీరిపోయిందని భావిస్తున్న దశలో అది మరొక రూపంలో తిరిగి వస్తున్నది. బ్రౌజర్ తనంతట తాను పాఠాన్ని చిత్రించే పద్ధతిని పక్కనపెట్టి, అనువర్తనమే ఒక ఖాళీ చిత్రఫలకం మీద ప్రతి చుక్కనూ స్వయంగా గీసుకొనే పద్ధతి విస్తరిస్తున్నది. ఆ చిత్రఫలకమే కాన్వాస్. గూగుల్ డాక్స్ తన పత్రాల చిత్రణను హెచ్‌టీఎంఎల్ పద్ధతి నుంచి కాన్వాస్ పద్ధతికి మారుస్తున్నట్లు 2021 మే నెలలో ప్రకటించింది. ఫ్లట్టర్ అనే అనువర్తన నిర్మాణ సాధనం 2025లో తన హెచ్‌టీఎంఎల్ చిత్రణ విధానాన్ని పూర్తిగా తొలగించి, స్కియా ఆధారిత విధానానికే పరిమితమైంది. కనుక ఫ్లట్టర్‌తో తయారయ్యే తెలుగు నిఘంటువైనా, పద్యసంకలనమైనా వెబ్‌లో బొమ్మగానే అవతరిస్తుంది. ఆ బొమ్మ వెనుక పాఠం నిలుస్తుందా లేదా అన్నది నిర్మాతల శ్రద్ధ మీద ఆధారపడి ఉంటుంది.

స్కియా – నేటివ్ లైబ్రరీ స్వభావం

‘స్కియా’ గ్రీకులో నీడ అని అర్థమిచ్చే పదం. సంస్కృత ‘ఛాయ’కు జ్ఞాతిపదం. రేఖలు, వక్రాలు, రంగులు, చిత్రాలు, అక్షరాకృతులు అనే ద్విమితీయ అంశాలను తెర మీద గీయడం ఈ లైబ్రరీ పని. దీనిని అభివృద్ధి చేసిన సంస్థను గూగుల్ 2005లో కొనుగోలు చేసింది. 2008లో దాని మూలరచన బహిరంగమైంది. క్రోమ్ బ్రౌజర్, ఆండ్రాయిడ్ ఫోన్లు తెర మీద చూపే దృశ్యాలలో అధికభాగం ఈ లైబ్రరీ గీసినవే.

‘నేటివ్’ అన్న విశేషణాన్ని కొంత వివరించుకోవాలి. సి++లో రాసిన ప్రోగ్రామును కంపైలర్ ఒక నిర్దిష్ట ప్రాసెసర్‌కు అర్థమయ్యే యంత్రభాషలోకి మారుస్తుంది. ఆ ప్రోగ్రాము ఆపరేటింగ్ సిస్టమ్‌ను నేరుగా అడిగి ఫైళ్లు తెరుస్తుంది, జ్ఞాపకశక్తిలో చోటు తీసుకొంటుంది, గ్రాఫిక్స్ చిప్‌కు ఆదేశాలు ఇస్తుంది, వ్యవస్థలో ఉన్న ఫాంట్లను పరిశీలిస్తుంది. వెబ్ పుటకు ఈ స్వేచ్ఛ లేదు. ఉండకూడదు కూడా. ఎవరో ఎక్కడో తయారుచేసిన పుటను పాఠకుడు నమ్మకంతో తెరుస్తాడు గనుక, ఆ పుటలోని ప్రోగ్రామును బ్రౌజర్ ఒక కంచెలో ఉంచుతుంది. నేటివ్ లైబ్రరీని బ్రౌజర్‌లోకి తేవడమంటే ఆ స్వేచ్ఛలకు అలవాటుపడిన రచనను ఈ కంచెలో బతకగలిగేలా చేయడమే.

ఎమ్‌స్క్రిప్టెన్ నుంచి వెబ్‌అసెంబ్లీ వరకు

చాలాకాలం బ్రౌజర్‌కు తెలిసిన ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ ఒక్కటే. మొజిల్లాలో పనిచేసిన అలోన్ జకాయ్ 2010 ప్రాంతంలో ఎమ్‌స్క్రిప్టెన్ అనే సాధనాన్ని ఆరంభించాడు. సి, సి++ ప్రోగ్రాములు ఎల్‌ఎల్‌వీఎం అనే కంపైలర్ వ్యవస్థలో ఒక మధ్యంతర రూపం ధరిస్తాయి. ఎమ్‌స్క్రిప్టెన్ ఆ మధ్యంతర రూపాన్ని యంత్రభాషలోకి కాక జావాస్క్రిప్ట్‌లోకి మార్చింది. ఇలా పుట్టిన జావాస్క్రిప్ట్‌ను వేగంగా నడిపేందుకు 2013లో ఆ భాషకే ఒక నియమబద్ధమైన ఉపభాషగా ఏఎస్‌ఎమ్ జేఎస్ వెలువడింది. మనిషి రాయడానికి కాక యంత్రం రాయడానికే ఏర్పడిన ఉపభాష అది.

ఆ అనుభవం మీద నాలుగు ప్రధాన బ్రౌజర్ల నిర్మాతలు కలిసి వెబ్‌అసెంబ్లీని రూపొందించారు. 2015లో దీనిని ప్రకటించారు. 2017 మార్చి నాటికి తొలి రూపంపై ఏకాభిప్రాయం కుదిరింది. 2019 డిసెంబరు 5న వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం దీనిని అధికారిక ప్రమాణంగా ఆమోదించింది. ఇది ఏ ఒక్క ప్రాసెసర్‌కూ చెందని యంత్రభాష. బ్రౌజర్ దానిని దింపుకొని, అది నడుస్తున్న కంప్యూటర్‌కు తగిన అసలు యంత్రభాషలోకి అప్పటికప్పుడు మార్చుకొంటుంది. ఫిగ్మా అనే చిత్రకల్పన ఉపకరణం అప్పటికే సి++లో ఉన్న తన రచనను ఏఎస్‌ఎమ్ జేఎస్ నుంచి వెబ్‌అసెంబ్లీకి మార్చి, పుట తెరుచుకొనే వేగం మూడింతలైందని 2017లో వెల్లడించింది.

వెబ్‌అసెంబ్లీ ప్రోగ్రాముకు లభించే జ్ఞాపకశక్తి ఒకే ఒక పొడవైన వరుస. దానికి సరళ జ్ఞాపకశక్తి అని పేరు. 64 కిలోబైట్ల పుటలుగా అది పెరుగుతుంది. 32 బిట్ల చిరునామాలు వాడే సాధారణ రూపంలో 4 గిగాబైట్లకు మించదు. ప్రోగ్రాము ఎంత పొరపాటు చేసినా ఆ వరుసను దాటి బయటి జ్ఞాపకశక్తిని తాకలేదు. పుటలోని హెచ్‌టీఎంఎల్ నిర్మాణాన్ని కూడా నేరుగా తాకలేదు. ఏది కావాలన్నా జావాస్క్రిప్ట్‌ను అడగాలి. ఆ అడగడానికి కావలసిన సంధాన రచనను ఎమ్‌స్క్రిప్టెన్ స్వయంగా తయారుచేసి ఇస్తుంది.

కంపైలేషన్‌లో తలెత్తే చిక్కులు

స్కియాను వెబ్‌అసెంబ్లీగా మార్చగా వచ్చినదే క్యాన్వాస్‌కిట్. ఇందులో కొన్ని పనులు సులువుగా జరిగాయి. స్కియా రచన సి++లోని ఎక్సెప్షన్ల విధానాన్ని వాడదు. ఆ విధానం వెబ్‌అసెంబ్లీ తొలి రూపంలో లేదు కనుక ఇది కలిసివచ్చింది. గ్రాఫిక్స్ చిప్‌కు ఇచ్చే ఓపెన్‌జీఎల్ ఈఎస్ ఆదేశాలను ఎమ్‌స్క్రిప్టెన్ వెబ్‌జీఎల్ ఆదేశాలుగా అనువదిస్తుంది. ఈ రెండు వ్యవస్థలూ ఒకే కుటుంబానికి చెందినవి.

చిక్కులు మరొక చోట ఉన్నాయి. ఫైళ్ల కోసం వెతికే రచనకు జ్ఞాపకశక్తిలోనే ఒక కృత్రిమ ఫైలు వ్యవస్థను కల్పించాలి. నేటివ్ ప్రోగ్రాము ఒక పని పూర్తయ్యేవరకు ఆగి ఎదురుచూడగలదు. బ్రౌజర్‌లో అలా ఆగితే పుట మొత్తం స్తంభిస్తుంది. ఒకేసారి పలు దారాలుగా పనిచేయడానికి పంచుకొనే జ్ఞాపకశక్తి అవసరం; స్పెక్టర్ అనే ప్రాసెసర్ బలహీనత బయటపడిన 2018 జనవరిలో బ్రౌజర్లు ఆ సౌకర్యాన్ని నిలిపివేశాయి. తరువాత సర్వర్ నుంచి ప్రత్యేక శీర్షికలు పంపిన పుటలకే దానిని అనుమతించాయి. ఒక ఫంక్షన్‌ను అది నిర్వచితమైన రూపంలో కాక వేరొక రూపంలో పిలవడం నేటివ్ యంత్రాలపై చాలాసార్లు చెల్లిపోతుంది. వెబ్‌అసెంబ్లీ అక్కడికక్కడే నిలిపివేస్తుంది. పాత సి లైబ్రరీలను మార్చేటప్పుడు సంవత్సరాలుగా దాగి ఉన్న ఇటువంటి దోషాలు బయటపడటం ఈ ప్రక్రియ వల్ల కలిగే ఒక ఉపఫలం.

జ్ఞాపకశక్తిని తిరిగి అప్పగించే పద్ధతిలోనూ భేదం ఉంది. జావాస్క్రిప్ట్‌లో వాడుక తీరిన వస్తువును వ్యవస్థే తొలగిస్తుంది. క్యాన్వాస్‌కిట్ వస్తువులు సరళ జ్ఞాపకశక్తిలో ఉంటాయి కనుక వాటిని ‘డిలీట్’ ఆదేశంతో రచయితే తొలగించాలి. మరచిపోతే పుట తెరిచి ఉన్నంతసేపూ ఆ వరుస పెరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ ఒక విడ్డూరాన్ని గమనించవచ్చు. క్రోమ్‌లో స్కియా ముందే ఉంది. క్యాన్వాస్‌కిట్ వాడే పుటను క్రోమ్‌లో తెరిచినప్పుడు పాఠకుడు అప్పటికే తన యంత్రంలో ఉన్న లైబ్రరీనే మళ్లీ దింపుకొంటున్నాడు. ఫ్లట్టర్ పత్రాల ప్రకారం ఈ దిగుమతి సుమారు 1.5 మెగాబైట్లు. పెరటి బావిలో నీళ్లుండగా ఊరిచెరువుకు కడవ తీసుకుపోయినట్లు తోచవచ్చు. కారణం లేకపోలేదు. బ్రౌజర్‌లోని స్కియా పుటకు నేరుగా అందదు. బ్రౌజర్ అనుమతించిన కొద్దిపాటి కాన్వాస్ ఆదేశాలే అందుతాయి. పేరా విభజన, పంక్తుల కొలతలు వంటివి ఆ ఆదేశాలలో చాలాకాలంగా లేవు. పైగా సఫారీలో స్కియా కాక ఆపిల్ సొంత వ్యవస్థ ఉంటుంది. ఒకే పుట అన్ని బ్రౌజర్లలో చుక్క తేడా లేకుండా కనిపించాలని కోరే నిర్మాత తన లైబ్రరీని తానే వెంట తెచ్చుకొంటాడు.

అక్షర సంయోజనం – ‘స్త్రీ’ అనే ఉదాహరణ

గీతలు, రంగుల వరకు ఈ బదిలీ ఏ భాషకైనా ఒకటే. అక్షరాల దగ్గరకు వచ్చేసరికి లిపిభేదం నిర్ణాయకమవుతుంది. రోమన్ లిపిలో ఒక సంకేతానికి ఒక ఆకృతి అనే సంబంధం దాదాపుగా సరిపోతుంది. తెలుగులో సరిపోదు.

‘స్త్రీ’ అనే పదాన్ని తీసుకొందాం. యూనికోడ్‌లో ఇది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఈ క్రమం ఉచ్చారణను అనుసరిస్తుంది. అచ్చు అన్నిటికంటే చివర వస్తుంది. కాని రాతలో గుడిదీర్ఘం చివరి హల్లైన రకారాన్ని అంటదు, మొదటి హల్లైన సకారం తలమీదికి ఎక్కుతుంది. తకారం వత్తుగా కిందికి దిగుతుంది. రకారం క్రారవడిగా మారుతుంది. అంటే ధ్వనిక్రమం నుంచి లేఖనక్రమానికి ఒక పరివర్తన జరగాలి. వైయాకరణులు హల్సంయోగాన్ని, లేఖకులు వత్తుల అమరికను వేర్వేరుగా బోధించినా, కంప్యూటర్‌లో ఈ రెండింటినీ కలిపే ఒక యంత్రాంగం తప్పనిసరి. దానినే ఇక్కడ అక్షర సంయోజన యంత్రం అంటున్నాం.

ఈ పనికి స్కియా సాధారణంగా ఆధారపడేది హార్ఫ్‌బజ్ అనే మరొక బహిరంగ లైబ్రరీ మీద. ఓపెన్‌టైప్ అన్న మాటకు పారసీక అనువాదమే ఆ పేరు. హార్ఫ్‌బజ్ మొదట సంకేతాల వరుసను అక్షరాలుగా విభజిస్తుంది. ఏది ఆధారహల్లో, ఏవి వత్తులో నిర్ణయిస్తుంది. గుణింతపు గుర్తును వత్తులకంటే ముందుకు తెస్తుంది. ఆపై ఫాంటులో దాగిన పట్టికలను చూసి ‘స’, గుడిదీర్ఘం కలిసిన ఆకృతిని, త వత్తు ఆకృతిని, క్రారవడిని ఎంచుకొని ఎక్కడ ఉంచాలో చెబుతుంది. స్కియా వాటిని గీస్తుంది. వత్తులకు యూనికోడ్‌లో విడిగా స్థానాలు లేవు. అవి ఫాంటు లోపల మాత్రమే ఉన్న ఆకృతులు. ఈ పట్టికల ద్వారా తప్ప వాటిని చేరే దారి లేదు.

క్యాన్వాస్‌కిట్‌లో పాఠాన్ని గీయడానికి రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది నేరుగా గీసే సరళ ఆదేశం. ఇది ప్రతి సంకేతానికీ ఫాంటులోని ఒక ఆకృతిని తీసి వరుసగా పేర్చుతుంది, సంయోజనం చేయదు. ఆంగ్లపదం దీనితో చక్కగా కనిపిస్తుంది. ‘స్త్రీ’ మాత్రం మూడు హల్లులుగా విడిపోయి, పొల్లులూ గుడిదీర్ఘమూ స్థానం తప్పి కనిపిస్తుంది. రెండవది పేరా విధానం. ఇది హార్ఫ్‌బజ్ ద్వారా నడుస్తుంది కనుక తెలుగు సక్రమంగా వస్తుంది. పరిమాణం తగ్గించాలన్న తపనతో సంయోజన యంత్రాన్ని వదిలివేసి కంపైల్ చేసుకొనే వీలు కూడా స్కియాలో ఉంది. ఆంగ్లంలో మాత్రమే పరీక్షించే నిర్మాతకు ఆ లోపం కనిపించదు. తెలుగు అక్షరం విరగడానికి చాలాసార్లు మూలం ఇటువంటి ఒక కంపైలేషన్ ఐచ్ఛికమే. ఫాంటును నిందించడం వల్ల ప్రయోజనం ఉండదు.

ఫాంట్ల లభ్యత

నేటివ్ స్కియా ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ఫాంట్లను వాడుకొంటుంది. బ్రౌజర్ కంచెలో ఉన్న క్యాన్వాస్‌కిట్‌కు అవి అందవు. పాఠకుని కంప్యూటర్‌లో గౌతమి ఉన్నా, ఇంకెన్ని తెలుగు ఫాంట్లు ఉన్నా, ఆ ఫైళ్లను చదివే హక్కు మామూలుగా పుటకు ఉండదు. ఏయే ఫాంట్లు ఉన్నాయో తెలిస్తే దానిని బట్టి వ్యక్తిని గుర్తుపట్టే ప్రమాదం ఉండటమే అందుకు కారణం. కనుక ప్రతి పుటా తన తెలుగు ఫాంటును తానే మోసుకురావాలి. ఫ్లట్టర్ ఈ సమస్యను ఒక విధంగా పరిష్కరించింది. అనువర్తనంలోని ఫాంటులో లేని అక్షరం ఎదురైతే నోటో కుటుంబపు ఫాంటును అప్పటికప్పుడు గూగుల్ సర్వర్ నుంచి తెప్పిస్తుంది. ఆ ఫైలు వచ్చేవరకు తెలుగు స్థానంలో ఖాళీ పెట్టెలు దర్శనమిస్తాయి. ఈ పెట్టెలకు సాంకేతికుల వాడుకలో టోఫు అని పేరు. అవి లేకుండా చేయడమే లక్ష్యమని తెలిపే పేరే నోటో. అంతర్జాలం బలహీనంగా ఉన్న చోట, లేదా బయటి సర్వర్లను నిరోధించిన కళాశాల ప్రయోగశాలలో, ఆ పెట్టెలు పెట్టెలుగానే మిగిలిపోతాయి.

దీనికి తెలుగువారి చేతిలో మంచి ప్రత్యామ్నాయమే ఉంది. సిలికానాంధ్ర ద్వారా అందుబాటులోకి వచ్చిన మండలి, రామభద్ర, గురజాడ, సూరన్న, పెద్దన వంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. ఆ లైసెన్సు ఫాంటును సాఫ్ట్‌వేర్‌తో కలిపి పంచడాన్ని అనుమతిస్తుంది. ఫాంటును ఒంటరిగా అమ్మడాన్ని నిషేధిస్తుంది. కనుక వీటిని అనువర్తనంతోనే చేర్చవచ్చు. అయితే పరిమాణం తగ్గించేందుకు ఫాంటును కుదించేటప్పుడు జాగ్రత్త అవసరం. యూనికోడ్ స్థానాలున్న ఆకృతులను మాత్రమే ఉంచి మిగిలినవి తొలగిస్తే, స్థానాలు లేని వత్తులన్నీ కొట్టుకుపోతాయి. కుదింపు ఉపకరణం సంయోజన పట్టికలను కూడా అనుసరించేలా చూడాలి.

యూనికోడ్ దత్తాంశం, అక్షరగణన

గీయడం ఒక్కటే చాలదు. పంక్తిని ఎక్కడ విరవాలి, కర్సర్ ఎక్కడ ఆగాలి అన్నవి కూడా తెలియాలి. ఈ జ్ఞానం ఐసీయూ అనే లైబ్రరీలో ఉంటుంది. దాని దత్తాంశం పూర్తిగా తీసుకొంటే పదుల మెగాబైట్లు ఉంటుంది. వెబ్ కోసం కంపైల్ చేసేవారు దానిని బాగా కత్తిరించి వాడతారు. క్రోమియం ఆధారిత బ్రౌజర్లలో ఇప్పటికే ఉన్న విభజన సౌకర్యాన్ని వాడుకొని ఆ భాగాన్ని వదిలివేసే చిన్న క్యాన్వాస్‌కిట్ కూడా ఫ్లట్టర్‌లో ఉంది.

తెలుగు పరిశోధకునికి ఇందులో అన్నిటికంటే ఆసక్తికరమైన విషయం యూనికోడ్ సంచికల భేదం. 2023లో వెలువడిన 15.1 సంచికకు ముందు ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరాన్ని యూనికోడ్ నియమాలు మూడు ఖండాలుగా లెక్కించేవి: స్, త్, రీ. 15.1లో భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విరవకుండా ఉంచే కొత్త నియమం చేరింది. ఆ నియమం వర్తించే లిపులలో తెలుగు ఉంది. కాబట్టి పాత దత్తాంశంతో కంపైల్ అయిన లైబ్రరీ మూడు అంటుంది. కొత్త దత్తాంశం ఉన్న బ్రౌజర్ ఒకటి అంటుంది. ఒకే యంత్రంలో, ఒకే పుటలో ఈ రెండు లెక్కలూ కలిసి ఉండవచ్చు. గురులఘువులను గుర్తించి గణవిభజన చేసే ఉపకరణం దేని లెక్క తీసుకొంటున్నదో దాని నిర్మాతకు తెలిసి ఉండాలి. నిజానికి ఛందస్సు విషయంలో యూనికోడ్ ఖండాల మీద ఆధారపడకుండా, హల్లు–పొల్లు–అచ్చు క్రమాన్ని స్వయంగా పరిశీలించే పద్ధతే నమ్మదగినది.

సంకేతాల పొడవు విషయంలో మరొక మెలిక ఉంది. జావాస్క్రిప్ట్ ‘స్త్రీ’ని 6 ఏకకాలుగా చూస్తుంది. వెబ్‌అసెంబ్లీ వైపు స్కియా దానిని యూటీఎఫ్-8 రూపంలో 18 బైట్లుగా చూస్తుంది, ప్రతి తెలుగు సంకేతానికి 3 చొప్పున. మూడవ స్థానమంటే జావాస్క్రిప్ట్‌లో ‘స్త’ తరువాత; బైట్ల లెక్కలో ‘స’ తరువాత. ఈ రెండు లెక్కలను కలిపే పట్టిక లేకపోతే పాఠకుడు ఎంచుకొన్న భాగం ఒకటి, తెర మీద రంగు మారే భాగం మరొకటి అవుతాయి. ఆంగ్లంలో రెండు లెక్కలూ ఒకటే కనుక ఈ దోషం అక్కడ ఎన్నటికీ బయటపడదు.

భద్రత – ‘జ్ఞా’ ఉదంతం

అక్షర సంయోజనం ఎంత సున్నితమైన పనో 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరమే లోకానికి చాటింది. ‘జ్ఞా’ రూపానికి సంబంధించిన ఒక ప్రత్యేక సంకేతక్రమం (జ, పొల్లు, ఞ, సంయోగనిరోధక సంకేతం, దీర్ఘం) ఐఫోన్లలో తెరవగానే సందేశాల అనువర్తనాలు కూలిపోయాయి. ఆపిల్ సంయోజన వ్యవస్థలో జ్ఞాపకశక్తి చెదిరే దోషం అందుకు కారణం. ఫిబ్రవరి 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6తో ఆ సంస్థ దానిని సరిచేసింది. అప్పటి వార్తలు దీనిని ‘తెలుగు అక్షరం వల్ల వచ్చిన దోషం’గా ప్రచారం చేశాయి. దోషం అక్షరానిది కాదు. ఆ క్రమాన్ని ఊహించని ప్రోగ్రాముది.

ఇటువంటి దోషమే వెబ్‌అసెంబ్లీలో ఉంటే ఫలితం కొంత వేరు. చెదిరేది ఆ ప్రోగ్రాముకు కేటాయించిన సరళ జ్ఞాపకశక్తి మాత్రమే. ఫోనులోని ఇతర అనువర్తనాలకు అది పాకదు. ఈ రక్షణ ఎంత విలువైనదంటే, ఫైర్‌ఫాక్స్ దీనిని తలకిందులుగా వాడుకొన్నది. 2021 డిసెంబరులో వచ్చిన 95వ సంచికలో గ్రాఫైట్ అనే ఫాంటు సంయోజన లైబ్రరీని, మరికొన్నింటిని మొదట వెబ్‌అసెంబ్లీగా కంపైల్ చేసి, దానిని తిరిగి నేటివ్ రూపంలోకి మార్చి బ్రౌజర్‌లో చేర్చారు. కంచెను వెంటబెట్టుకొని ఇంటికి తిరిగివచ్చిన లైబ్రరీ అది.

కాని మరొక వైపు చూడాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని దోషాన్ని ఒక్క నవీకరణతో కోట్ల యంత్రాలలో సరిచేయవచ్చు. ప్రతి వెబ్‌సైటూ తన సొంత హార్ఫ్‌బజ్‌ను మోసుకుతిరుగుతున్నప్పుడు, ఎవరి ప్రతిని వారే తిరిగి కంపైల్ చేయాలి. పరిశోధన పథకం నిధులు ముగిసిన తరువాత ఆ పని చేసేదెవరు అన్న ప్రశ్నకు డిజిటల్ సంచికల రంగంలో స్థిరమైన ఏర్పాటు అరుదు.

పాఠం, చిత్రం – డిజిటల్ సంచికలకు వర్తింపు

బ్రౌజర్‌లోని వెతుకులాట సౌకర్యం కాన్వాస్ లోపలికి చూడలేదు. తెరపాఠక సాఫ్ట్‌వేర్ కూడా చూడలేదు. బ్రౌజర్ అందించే అర్థనిర్మాణాన్నే అది చదువుతుంది. ఫ్లట్టర్ ఆ నిర్మాణాన్ని కాన్వాస్‌కు సమాంతరంగా, కంటికి కనబడని పొరగా తయారుచేయగలదు. కాని పనివేగం దృష్ట్యా వెబ్‌లో అది మొదటి నుంచి చేతనంగా ఉండదు. నిర్మాత ముందే చేతనం చేయాలి, లేదా పాఠకుడే పుటలోని కనబడని బొత్తాన్ని నొక్కి చేతనం చేసుకోవాలి. ఆ రెండూ జరగని పక్షంలో ఒక శతకం మొత్తం అంధపాఠకునికి నిశ్శబ్దం.

కనుక ఏ పనికి ఏ పద్ధతి అన్న విచక్షణ అవసరం. తాళపత్ర ప్రతుల బొమ్మలను పెద్దవి చేసి చూపడం, ఒక పద్యానికి చెందిన వివిధ ప్రతుల పాఠాలను పొరలుగా అమర్చడం, మాండలిక పటాలు, అక్షరాకృతుల చారిత్రక పరిణామాన్ని కదలికతో చూపడం – వీటికి క్యాన్వాస్‌కిట్ వంటి లైబ్రరీ మిక్కిలి తగినది. కావ్యపాఠానికి, నిఘంటు ఆరోపాలకు, పరిశోధన వ్యాసాలకు బ్రౌజర్ సహజంగా చిత్రించే యూనికోడ్ పాఠమే మేలు. రెండూ కావలసిన చోట పాఠాన్ని హెచ్‌టీఎంఎల్‌లో ఉంచి, కాన్వాస్‌ను దాని పక్కన దృశ్యంగా మాత్రమే ఉంచడం ఉచితం.

ఏ సంస్థ నుంచైనా ఇటువంటి సాఫ్ట్‌వేర్‌ను స్వీకరించే ముందు తెలుగు విభాగం స్వయంగా కొన్ని పదాలతో పరీక్షించవచ్చు. ‘స్త్రీ’ గుణింతపు గుర్తు స్థానాన్ని పరీక్షిస్తుంది. ‘త్రైమాసికం’లోని ఐత్వం రెండు ముక్కలుగా పైకీ కిందికీ చేరుతుంది, కింది ముక్కకూ క్రారవడికీ చోటు సరిపోయిందో లేదో దానితో తేలుతుంది. ‘రాజ్‌కుమార్’లో జకారపు పొల్లు తరువాత సంయోగనిరోధక సంకేతం ఉంటుంది. అది లేకపోతే క వత్తు వస్తుంది, సంయోజన యంత్రం లేకపోతే దాని స్థానంలో పెట్టె రావచ్చు. అదే పదాన్ని ఆ సంకేతం లేకుండా వెతికితే దొరుకుతుందో లేదో కూడా చూడాలి. పాత ముద్రణలను యథాతథంగా అందించే సంచికలకు వలపలగిలక కావాలి. ఇది రకారం, పొల్లు, ఆ వెంటనే సంయోగసూచక సంకేతం అనే క్రమంతో వస్తుంది. హార్ఫ్‌బజ్ ఈ క్రమాన్ని గుర్తిస్తుంది, ఫాంటులో ఆకృతి ఉందో లేదో విడిగా చూసుకోవాలి. చివరిది నకారపొల్లు. ప్రాచీన ముద్రణలలో కనిపించే ఈ ప్రత్యేక రూపానికి యూనికోడ్ 2021లో, 14.0 సంచికలో స్థానం కల్పించింది. అంతకు ముందరి దత్తాంశంతో కంపైల్ అయి, నవీకరణ లేకుండా నడుస్తున్న లైబ్రరీ దృష్టిలో అది ఇంకా కేటాయించని ఖాళీ స్థానమే.